ఖాళీగా తిరిగి వెళ్ళని కుండలు

ఏ కాలంలో జరిగిందో పెద్దలు చెప్పలేదు గానీ, ఏ పూట జరిగిందో మాత్రం మరిచిపోకుండా చెప్పుకుంటూ వచ్చారు. ఫాల్గుణ శుద్ధ పంచమి, గురువారం, పొద్దు సరిగ్గా నడినెత్తికి వచ్చిన వేళ.

ఒక నది మూడు దేశాల మధ్యగా పారేది. ఎడమ ఒడ్డు కొండదేశం. కుడి ఒడ్డు పైరుదేశం. నది సముద్రంలో కలిసే దిక్కంతా కడలిదేశం. మూడు సరిహద్దులూ ఒక రేవు దగ్గర కలుస్తాయి. ఆ రేవు పేరు ముమ్మలుపు. అక్కడ పైరుదేశపు ఒడ్డున ఒక పెంకుటిల్లు ఉండేది. ఆ ఇల్లు వరదమ్మది.

వరదమ్మ నెమ్మదైన మనిషి. పొద్దున్నే లేచి, వేణుగోపాలస్వామికి దీపం పెట్టి, గంట మోగించి, పెరుగన్నం నైవేద్యం పెట్టందే పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. ఆమెకు ఒక్కటే అలవాటు. కంటికి ఏది కనబడినా, ఇది ఎక్కడిది, ముందు ఎవరు చేశారు, మన ఇంటికి ఎలా వచ్చింది అని అడగాలి. ఇంట్లో చెంబు మొదలు చేట దాకా ఏది ఎవరు పెట్టారో ఆమెకు నోటికి వచ్చు. తెలియనిది ఉంటే తెలిసేదాకా తోచేది కాదు.

ఏటా రేవు సంత తెరిచే ముందు మూడు దేశాల రాజులూ ఆ ఇంట్లో ఒకే పంక్తిలో భోంచేయడం ఆనవాయితీ. ఆ గురువారం కూడా ముగ్గురూ వచ్చి విస్తళ్ళ ముందు కూర్చున్నారు. పప్పు బాగుందన్నారు. పులుసు ఇంకా బాగుందన్నారు. చివరికి వరదమ్మ పెరుగు వడ్డించడానికి వచ్చింది. గరిటె పెడితే నిలబడేంత గట్టి పెరుగు.

వడ్డిస్తూ వడ్డిస్తూ వరదమ్మకు ఒక సందేహం వచ్చింది.

"ప్రభూ, తెలియక అడుగుతున్నాను. ఇవాళ్టి పెరుగు నిన్నటి తోడుతో అయింది. నిన్నటిది మొన్నటి తోడుతో. అలా వెనక్కి వెనక్కి వెళితే, మొట్టమొదటి తోడు ఏ దేశంలో పుట్టి ఉంటుంది?"

కడలిదేశపు రాజు ముద్ద చేతిలోనే పట్టుకుని నవ్వాడు. "ఇందులో అడగడానికి ఏముంది వరదమ్మా? మా దేశంలోనే. ఓడలో మోసుకెళ్ళే పాలు అలల మీద ఊగి ఊగి తోడుకున్నాయి. అది చూసి లోకం నేర్చుకుంది."

"ఊగితే వెన్న పడుతుంది గానీ పెరుగెలా అవుతుందయ్యా?" అన్నాడు కొండదేశపు రాజు. "మా గొర్రెల కాపరి తోలుతిత్తిలో పాలు పోసి గుహలో దాచాడు. తెల్లారేసరికి పెరుగు. అదీ అసలు సంగతి."

"ఆవులు మావి. పాలు మావి. పెరుగొక్కటీ మీదా?" అన్నాడు పైరుదేశపు రాజు.

మాట అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

చుక్కలు చూసి దారి కనుక్కోవడం లోకానికి మేమే నేర్పామన్నాడు కడలిరాజు. ఉప్పు కూడా మాదే, మేం లేకపోతే మీ పప్పుకు రుచే లేదన్నాడు. ఇనుము మాది, బండిచక్రం మాది, రోగానికి మందు మాది, మేం లేకపోతే మీరు మంచం మీంచి లేవరన్నాడు కొండరాజు. లెక్క మాది, నేత మాది, మేం లేకపోతే మీరిద్దరూ ఆకులు కట్టుకుని, ఎన్ని ఆకులు కట్టుకున్నారో కూడా చెప్పలేక నిలబడేవారు అన్నాడు పైరురాజు.

"సూర్యుడు కూడా మా సముద్రంలోంచే లేస్తాడు" అన్నాడు కడలిరాజు.

"లేస్తే లేచాడు. పడుకునేది మా కొండల వెనకే గదా" అన్నాడు కొండరాజు.

"లేచేది ఒకచోట, పడుకునేది ఒకచోట. పనిచేసేది మాత్రం మా పొలాల మీద" అన్నాడు పైరురాజు.

వరదమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెద్దవాళ్ళు, ఒక మాట అనుకుని నవ్వి లేస్తారులే అనుకుంది. ఎవరూ నవ్వలేదు. మూడు విస్తళ్ళలోనూ పెరుగన్నం అలాగే ఉండిపోయింది.

కడలిరాజు చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "మా దేశం నుంచి వచ్చినవన్నీ మాకు తిరిగి ఇచ్చేయండి. అప్పుడు తెలుస్తుంది మీ దగ్గర ఏం మిగులుతుందో."

"మావీ మాకు ఇచ్చేయండి" అన్నారు తక్కిన ఇద్దరూ. ఎదుటివాడి ఇల్లే ఖాళీ అవుతుందని ముగ్గురికీ గట్టి నమ్మకం.

మర్నాడు పొద్దున వరదమ్మ నైవేద్యం పెడుతూ ఉండగా వీధిలో డప్పు వినిపించింది.

"పొరుగుదేశం నుంచి వచ్చిన వస్తువులూ, పశువులూ, మనుషులూ ఆదివారం పొద్దుగూకేలోగా పుట్టిన దేశానికి చేరాలహో."

మనుషులూ అన్న మాట చెవిన పడగానే వరదమ్మ చేతిలో గంట ఆగిపోయింది. ఆమె అరుగు వైపు చూసింది. అరుగు మీద కోడలు ముత్యాలు పసివాడికి పాలు పట్టిస్తోంది. ముత్యాలుది కడలిదేశం. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళు. పసివాడు వేణయ్య పుట్టింది ఈ ఇంట్లోనే.

వరదమ్మ కొడుకు నాగన్న వీధిలోకి పరుగెత్తాడు. "ఏం బావా, మనుషులేమిటి? మనుషులను తిరిగి పంపడమేమిటి?"

డప్పు కొట్టే వీరేశం తల గోక్కున్నాడు. "నన్నడిగితే ఏం చెప్పను నాగన్నా? మా ఆవిడది కొండదేశం. ఈ చాటింపు ముందు మా ఇంట్లోనే వేశాను. ఇంకా వీపు మండుతోంది."

"మరి పిల్లవాడో?"

వీరేశం గొంతు తగ్గించాడు. "ఇక్కడ పుట్టిన పిల్లలు ఇక్కడే ఉండాలట. అదీ చెప్పమన్నారు."

ముత్యాలు విన్నది. పిల్లవాణ్ణి ఇంకా దగ్గరకు తీసుకుంది. తల్లి ఒకచోట, పాలు తాగే బిడ్డ ఒకచోట. ఆదివారం దాకానే గడువు.

"నీ నోరు ఊరుకోదు గదమ్మా" అన్నాడు నాగన్న. "హాయిగా తింటున్న వాళ్ళను పెరుగు ఎక్కడిదని ఎందుకడిగావు?"

వరదమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ముత్యాలు లేచి వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది.

"అడగడం తప్పు కాదత్తమ్మా. తెలియనప్పుడు తెలియదని చెప్పలేకపోయారు. ఆ తప్పు వాళ్ళది."

రాజాజ్ఞ రాజాజ్ఞే గదా. మూడు దేశాల్లోనూ ఇళ్ళు సర్దడం మొదలైంది. వరదమ్మ దేవుడి గూట్లోంచి సర్దుకొచ్చింది. శంఖం సముద్రానిది, కడలిదేశానికి. గంట కంచుది, కొండదేశానికి. వత్తి, నూనె, పువ్వు మాత్రం పైరుదేశానివి. స్వామి విగ్రహాన్ని చేతిలోకి తీసుకుంది. రాయి కొండలది, చెక్కినవాడు సముద్రతీరం నుంచి వచ్చాడని అత్తగారు చెప్పేది, పూజ చేసినవాళ్ళు ఇక్కడివాళ్ళు. ఎవరికి పంపాలి? ఎటూ తోచక మళ్ళీ పీఠం మీదే పెట్టి దండం పెట్టుకుంది.

అసలు చిక్కు వంటింట్లో వచ్చింది. ఒక్క ఆమె వంటింట్లోనే కాదు, మూడు దేశాల వంటిళ్ళలోనూ వచ్చింది. పొరుగుదేశం ఉప్పు ఏనాడో తినేశారు. మందు తాగేశారు. బట్ట కట్టి చింపేశారు. ఏం తిరిగి ఇస్తారు?

భటులు వెళ్ళి రాజులకు విన్నవించారు. "తిన్నది ఎలాగూ రాదు. కుండలూ బుట్టలూ అయినా తిరిగి ఇవ్వమనండి" అన్నారు రాజులు.

పైరురాజు మాత్రం ఇంకొక మాట అన్నాడు. "లెక్క మాది. దాన్ని తక్కిన రెండు దేశాలవాళ్ళూ మరిచిపోవాలి."

ఒక భటుడు వెళ్ళి కొండదేశపు భటుణ్ణి అడిగాడు. "మీవాళ్ళు లెక్క మరిచిపోయారా?"

"మరిచిపోయారు."

"ఎంతమంది?"

"నూట పన్నెండుమంది."

సరే. కుండలు తిరిగి ఇచ్చే పని మొదలైంది. ఇక్కడే ఆ మూడు దేశాల ఆడవాళ్ళూ ఒక పని చేశారు. కావాలని చేయలేదు. చెయ్యి అలవాటు పడి చేసేశారు. ఎవరింటి గిన్నె వాళ్ళకు తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీ గిన్నె ఇవ్వకూడదు గదా. గుప్పెడు బియ్యమో, చిటికెడు పంచదారో, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. అమ్మలు చెప్పారు, అమ్మమ్మలు చెప్పారు. రాజులు తగవులాడుకున్నంత మాత్రాన ఖాళీ కుండ ఎలా పంపుతారు?

కొండదేశపు ఇల్లాలు కడలివాళ్ళ ఉప్పుకుండ తోమి, అందులో తేనె పోసి పంపింది. కడలిదేశానికి కుండ చేరింది. తేనె కొండదేశానిది, తిరిగి పంపాలి. పంపుదామంటే అప్పటికే పిల్లలు నాకేశారు. ఏం చేస్తుంది పాపం ఆ కడలిదేశపు ఇల్లాలు? అదే కుండ నిండా కొత్త ఉప్పు పోసి పంపింది. ఉప్పు వచ్చిందని కొండదేశపు ఇల్లాలు తలపట్టుకుంది. తలపట్టుకుని, చింతపండు వేసి పంపింది.

వరదమ్మ కూడా కోడలి పుట్టింటి సారె బిందెలో కొత్త బియ్యం పోసి, పైన ఒక బెల్లం అచ్చు పెట్టి పంపింది. శనివారం పొద్దుటికి ఆ బిందె తిరిగి వచ్చింది. అందులో ఎండిన రొయ్యలు, పసివాడు ఆడుకోవడానికి గవ్వలు. వరదమ్మ గవ్వలు తీసుకుంది. రొయ్యలు ఆ ఇంట్లో తినరు, వీరేశం ఇంటికి పంపింది. బిందెలో మినుములు పోసింది.

ఇక మిగిలింది పెరుగు తోడు. అది మాదంటే మాదని ముగ్గురు రాజులూ అన్నారు. వరదమ్మ చాలాసేపు ఆలోచించి, తోడుముంతలో ఉన్న పెరుగంతా మూడు రాతిగిన్నెల్లో సమానంగా వేసింది. ఒకటి కొండదేశపు పడవలో, ఒకటి కడలిదేశపు పడవలో, ఒకటి పైరురాజు వంటశాలకు. ముంత అడుగున చుక్క కూడా మిగల్లేదు. ఆ ఇంట్లో ముంత ఖాళీ కావడం అదే మొదలు.

ఆదివారం వచ్చింది.

పొద్దు వాలుతూ ఉండగా ముగ్గురు రాజులూ రేవుకు వచ్చారు. ఎదుటి దేశం ఎంత ఖాళీ అయిందో కళ్ళారా చూద్దామని వచ్చారు. చూస్తే నది నిండా పడవలు. ఒక్క పడవా తేలిగ్గా లేదు. సంతరోజున కూడా అంత సరుకు అటూ ఇటూ తిరగలేదు. పడవవాళ్ళు తెడ్లు వెయ్యలేక రొప్పుతున్నారు.

"ఇదేమిటి?" అన్నాడు కొండరాజు. "తిరిగి ఇచ్చేస్తుంటే తరిగిపోవాలి గదా. పెరుగుతోందేమిటి?"

అప్పుడే వరదమ్మ కోడలిని తీసుకుని రేవు మెట్లు దిగింది. వెనక నాగన్న పసివాణ్ణి ఎత్తుకుని వస్తున్నాడు. మెట్టు మెట్టుకూ అతని అడుగు బరువవుతోంది.

పడవ దగ్గర వరదమ్మ ఆగింది. ముత్యాలును తూర్పుముఖంగా నిలబెట్టింది. బొట్టు పెట్టింది. పమిట చెంగు పట్టించి, ఒడిలో బియ్యం పోసింది, పసుపుకొమ్ము పెట్టింది, కొబ్బరిచిప్ప పెట్టింది. ఇది పుట్టింటి తల్లి చేసే పని. అత్తగారే చేస్తూ ఉంటే మెట్ల మీద ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

రాజులు ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. వరదమ్మ వాళ్ళ వైపు తిరిగింది. ఆమె మనసు బరువుగా ఉంది, అయినా ఆ సందేహం వదల్లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ప్రభూ, గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదంటారు. ఆడపిల్లను ఒడి ఖాళీగా పంపకూడదంటారు. ఈ మర్యాద ముందు ఏ దేశంలో పుట్టింది?"

"మా దేశంలో" అన్నాడు కడలిరాజు వెంటనే. "మా అమ్మ చేస్తూంటే చూశాను. గిన్నెలో ఒక్క ఉప్పుగల్లు అయినా వేసేది."

"మీ అమ్మగారిది మా కొండదేశమే గదయ్యా. ఆవిడ మా దగ్గర నేర్చుకుని వచ్చింది" అన్నాడు కొండరాజు. "మాదే ఆ మర్యాద. ప్రాణం పోయినా ఒడి ఖాళీగా పంపం."

"లోకమంతా ఆకలితో ఉన్నప్పుడు గిన్నెలో వేయడానికి గింజలున్నది మా దగ్గరే" అన్నాడు పైరురాజు. "మేమే మొదలుపెట్టాం. మేమే తప్పితే ఇంక ఎవరు నిలబెడతారు?"

ముత్యాలు తల ఎత్తింది. అంతవరకూ నేల చూస్తూ ఉన్న పిల్ల, ముగ్గురి ముఖాలూ ఒకటొకటిగా చూసింది.

"అయితే ముగ్గురు ప్రభువులూ ఒక మాట మీదే ఉన్నారు. ఒడి ఖాళీగా పంపడం మూడు దేశాల్లోనూ లేదు. మరి నా ఒడిలో బిడ్డను తీసేసుకుని, ఈ గుప్పెడు బియ్యం పోసి పంపిస్తున్నారే. దీన్ని నిండటం అంటారా, ఖాళీ కావడం అంటారా? అదొక్కటీ చెప్పండి, పడవ ఎక్కుతాను."



కడలిరాజు తడుముకున్నాడు. "అయితే బిడ్డను కూడా తీసుకురా తల్లీ."

"బిడ్డ మా దేశంలో పుట్టాడు" అన్నాడు పైరురాజు. అంటూనే ఆగిపోయాడు. ఒడి ఖాళీ చేసి పంపింది ఫలానా దేశం అని రేపు లోకం అంటే, ఆ ఫలానా దేశం తనదే అవుతుంది.

"వేణయ్యకు ముత్తవ్వ మా అత్తగారు" అన్నది వరదమ్మ మెల్లగా, ఉన్నమాట చెబుతున్నట్టు. "ఆవిడది కొండదేశం. మరి పిల్లవాడి చెవి కొన ఆవిడ పోలికే అంటారు. చెవి ఎక్కడికి పంపాలి ప్రభూ?"

ముందు నవ్వింది కొండరాజు. పెద్ద పొట్ట కదిలేట్టు నవ్వాడు. ఆ నవ్వు చూసి డప్పు వీరేశం నవ్వాడు. తరవాత మెట్లన్నీ నవ్వాయి. పైరురాజు నవ్వాపుకోవాలని మీసం పట్టుకున్నాడు గానీ, ఆగింది కాదు.

నవ్వనిది కడలిరాజు ఒక్కడే. ఆయన పడవల వైపు చూస్తున్నాడు. ఉప్పుకుండల్లో తేనె. తేనెకుండల్లో ఉప్పు. బుట్టల నిండా మినుములూ చింతపండూ.

"మనం పంపింది మన దగ్గరకు రాలేదు" అన్నాడు చివరికి. "వచ్చిందంతా ఇంకొకళ్ళు పెట్టిందే. మన కుండ ఒక్కటే మనది."

ఆయన ముందుకు వచ్చి ముత్యాలు ముందు తల కాస్త వంచాడు. "అమ్మా, నువ్వు మా దేశం నుంచి వచ్చావు. ఇంతమంది నిన్ను పంపలేక ఏడుస్తున్నారంటే, అంతకు మించి మా దేశానికి గొప్ప ఏం కావాలి? నీ ఇంటికి నువ్వు వెళ్ళు."

నాగన్న మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చి పసివాణ్ణి ముత్యాలు చేతుల్లో పెట్టాడు. వీరేశం డప్పు తీసుకుని, ఎవరూ చెప్పకుండానే, చాటింపు రద్దయిందని వేసేశాడు. అందరికంటే ముందు వాళ్ళ ఇంటి వీధిలోనే వేశాడు.

పడవ ఎక్కుతూ కడలిరాజు వెనక్కి తిరిగాడు. "అయినా వరదమ్మా, పెరుగు మాత్రం మాదే."

"చిత్తం ప్రభూ" అన్నది వరదమ్మ. "వచ్చే ఏడు విస్తట్లో వదిలెయ్యకుండా తినండి."

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. పాలు కాచారు. తోడు వేద్దామని ముంత మూత తీస్తే అడుగున ఏమీ లేదు. దీపం పెట్టాక తోడు ఎవరినీ అడగకూడదు. అందుకని ఆ రాత్రి ఆ ఇంట్లో పాలు పాలుగానే ఉండిపోయాయి. ఉదయం స్వామికి నైవేద్యం ఎలా అనుకుంటూనే వరదమ్మ పడుకుంది.

మర్నాడు, సోమవారం, ఇంకా ముగ్గు ఆరకముందే రేవులో పడవ ఆగిన చప్పుడైంది. ముత్యాలు వెళ్ళి ఒక రాతిగిన్నె తెచ్చింది. కొండదేశపు ఇల్లాలు పంపింది. ఆ తరవాత ఇంకొక పడవ, ఇంకొక రాతిగిన్నె. అది కడలిదేశం నుంచి. మూడోది పైరురాజు వంటశాల నుంచి మనిషి చేత వచ్చింది. వరదమ్మ శనివారం పంపిన గిన్నెలే అవి. ఒక్కటీ ఖాళీగా రాలేదు. మూడింటి నిండా, రాత్రి తోడేసిన కొత్త పెరుగు.

వరదమ్మ మూడు గిన్నెల పెరుగూ ఒకే గిన్నెలోకి వంచింది. గట్టిగా, తెల్లగా, ఒక్కటిగా కలిసిపోయింది. మూడు దేశాల్లో ఏ దేశం ఎక్కడుందో ఎంత తేరిపార చూసినా కనబడలేదు. అందులోంచి ముందు స్వామికి నైవేద్యం పెట్టింది. గంట, శంఖం అప్పటికింకా తిరిగి రాలేదు. ముత్యాలు చిటికెలు వేసి హారతి ఇచ్చింది. వేణయ్య గవ్వలు గలగలలాడించాడు. తరవాత ఇంటిల్లిపాదీ వరసగా కూర్చుని పెరుగన్నం తిన్నారు. తిన్నాక నాగన్న వీధిలో వరదమ్మలాగే తోడంతా పంపేసి, ఇప్పుడు తోడు లేక పాలు విరిగిపోతాయని దిగులుపడుతున్న ఇళ్ళకల్లా తలా ఇంత ఇచ్చి వచ్చాడు. ముంత అడుగున రేపటికి కాస్త దాచారు.

పిల్లలూ, ఏ మేలు ముందు ఏ దేశంలో పుట్టిందో తెలుసుకోవాలనుకోవడం మంచిదే. కానీ చేతికి అందిన మేలును నింపి ఇంకొకరికి అందించినప్పుడే, దేశానికైనా ఇంటికైనా అది గొప్ప అవుతుంది.